దీపమునుండి దీపము: ఫ్లారెన్స్ నైటింగేల్ జీవితము

ఒక దీపముతో వేయి దీపములు వెలిగింపవచ్చును. అందువలన మొదటి దీపమునకు కొరత కలుగదు. కార్తికమాసమున మన ఆలయములలో ఈ సత్యమును ప్రతి సంవత్సరము కన్నులార చూచుచున్నాము. ఫ్లారెన్స్ నైటింగేల్ అనగానే లోకమునకు జ్ఞప్తికి వచ్చునది, రాత్రివేళ చేత దీపము బట్టి గాయపడిన సైనికుల పడకల నడుమ తిరిగిన స్త్రీమూర్తి. ఆ చిత్రము అసత్యము కాదు. కాని ఆమె ఆ విధముగా తిరిగినది రెండు సంవత్సరములకు లోపే. అటుపిమ్మట ఆమె ఏబది సంవత్సరములకు పైగా జీవించెను. ఆ దీర్ఘకాలములో ఆమె తలపెట్టిన మహాకార్యములలో ఒకటి, తన చేతి దీపమును ఇతరుల చేతికి అందించుటకు తగిన మార్గము నేర్పరచుట.

అనుభవము గల నర్సు తన వార్డునకు వచ్చిన విద్యార్థినికిని, క్రొత్తగా చేరిన తోటి నర్సునకును పని నేర్పుట కేవలము దయ కాదు. అది ఆమె ఉద్యోగధర్మములో భాగము. ఈనాడు అందరును అంగీకరించు ఈ మాట ఒకప్పుడు ఎవరికిని తట్టలేదు. దానిని ఆచరణలో పెట్టుటకు నైటింగేల్ పడిన పాట్లను, ఆమె చేసిన పొరపాట్లను కూడ తెలిసికొనుట మనకు మేలు. మన కుటుంబములనుండియు ఎందరో ఆడపడుచులు ఈ వృత్తిలో ప్రవేశించిరి. వారి కొరకును, రేపు ప్రవేశింపబోవు వారి కొరకును ఈ చరిత్ర వ్రాయబడినది.

జననము - విద్యాభ్యాసము

1820 వ సంవత్సరము మే నెల 12 వ తేదీన ఇటలీ దేశమందలి ఫ్లారెన్స్ నగరమున ఈమె జన్మించెను. తలిదండ్రులు ఆంగ్లేయులు, మిక్కిలి సంపన్నులు. వారు ఇటలీలో సంచరించుచుండగా పుట్టినందున ఆ నగరము పేరే బిడ్డకు పెట్టిరి. ఈమెకు అక్క ఒక్కతె కలదు. ఇంగ్లండులో వారికి రెండు గొప్ప నివాసములుండెను. వేసవిలో డెర్బీషైరు నందలి లీ హర్స్ట్ లోను, తక్కిన కాలమున హాంప్‌షైరు నందలి ఎంబ్లీలోను కుటుంబము నివసించుచుండెడిది.

తండ్రి విలియము నైటింగేల్ విద్యాప్రియుడు. ఆ కాలమున ఆడపిల్లలకు కుట్టుపని, సంగీతము, సభామర్యాదలు చాలునని పెద్దలు తలచెడివారు. ఆయన మాత్రము తన కుమార్తెలకు గ్రీకు, లాటిను భాషలను, చరిత్రను, తత్త్వశాస్త్రమును స్వయముగా బోధించెను. ఫ్లారెన్స్‌కు గణితమునందు అభిరుచి మెండు. అంకెలను పట్టికలుగా వ్రాసికొనుట ఆమెకు చిన్ననాటి అలవాటు.

తన 17 వ యేట, 1837 ఫిబ్రవరిలో, భగవంతుడు తన్ను సేవకు పిలిచినట్లు ఆమెకు తోచెను. ఏ సేవ కొరకో అప్పుడు తెలియలేదు. కొన్ని సంవత్సరములకు అది రోగుల సేవయని నిశ్చయించుకొనెను. 1845 లో సాల్స్‌బరీ ఆసుపత్రిలో కొన్ని నెలలుండి పని నేర్చుకొందునని యడుగగా ఇంటిలో పెద్ద కలత పుట్టెను. ఆ దినములలో ఆసుపత్రి నర్సు అనిన గౌరవము లేదు. ఆమెకు చదువు రాదనియు, త్రాగుబోతనియు, మరియొక పని దొరకనందున ఈ పనికి వచ్చినదనియు జనుల భావము. అట్టి వారి నడుమ కన్నకూతురు నిలుచుట తల్లి సహింపలేకపోయెను. తగిన వరుడు వచ్చినను ఫ్లారెన్స్ వివాహమునకు సమ్మతింపలేదు. ఇంటిలోనే యుండి, తెల్లవారకముందే లేచి, దీపపు వెలుగున ఆసుపత్రుల నివేదికలను చదివి వ్రాసికొనుచు ఏండ్లు గడపెను.

శిష్యురాలుగా

1850 లో ఆమె జర్మనీ దేశమున రైను నదీతీరమందలి కైజర్స్‌వెర్త్ అను చోటికి మొదటిసారి పోయెను. అక్కడ ఫ్లీడ్నర్ అను క్రైస్తవ బోధకుడు 1836 లో సేవికల ఆశ్రమమును, ఆసుపత్రిని నెలకొల్పియుండెను. మరుసటి సంవత్సరము, 1851 లో, మూడు నెలలు అక్కడనే యుండి విద్యార్థినిగా పనిచేసెను. అప్పటికి ఆమెకు 31 ఏండ్లు. దాసదాసీజనము నడుమ పెరిగిన ఆ స్త్రీ తెల్లవారుజామున అయిదు గంటలకు లేచి, సామాన్యమైన ఆహారము తిని, పెద్దలు చెప్పిన పనిని చెప్పినట్లు చేసెను. అక్కడి వైద్యపరిచర్య అంత గొప్పది కాదని తరువాత ఆమెయే గ్రహించినది. అయినను నేర్చుకొనువాని స్థానమున నిలుచుట యెట్లుండునో ఆమెకు అక్కడ అనుభవమునకు వచ్చినది. ఉపాధ్యాయవృత్తిలో నున్నవారికి ఈ అనుభవము విలువ తెలియును.

1853 ఆగస్టులో లండను నగరము హార్లీ వీథిలో పేదరికమునకు లోనైన కులీన స్త్రీల చికిత్సకై ఏర్పడిన చిన్న ఆసుపత్రికి ఆమె పర్యవేక్షకురాలయ్యెను. తండ్రి ఆమెకు ఏటికి 500 పౌండ్లు ఇచ్చుటకు ఒప్పుకొనెను. ఆమె అక్కడి వంటశాలను, దుప్పట్లను, లెక్కలను, అన్నిటిని చక్కబెట్టెను. కాని క్రొత్త నర్సులను తయారుచేయుటకు ఆ చోట అవకాశము లేకుండెను. అందుచే ఏడాది తిరుగకముందే ఆమె కింగ్స్ కాలేజి ఆసుపత్రిలో నర్సుల పర్యవేక్షకురాలి పదవిని గూర్చి ఆలోచింపసాగెను. ఇంతలో యుద్ధము వచ్చెను.

స్కుటారి

1854 లో బ్రిటను, ఫ్రాన్సు, తురుష్క దేశములు ఒకవైపును, రష్యా మరియొకవైపును నిలిచి క్రిమియాలో పోరాడినవి. గాయపడిన ఆంగ్ల సైనికులను నల్లసముద్రము దాటించి, ఇస్తాంబులునకు ఎదురుగా నున్న స్కుటారిలోని పెద్ద సైనికనివాసమునకు చేర్చుచుండిరి. అక్కడి దుస్థితి వార్తాపత్రికలలో వెలువడగా దేశము కలవరపడెను. మంత్రి సిడ్నీ హెర్బర్ట్ కోరికపై నైటింగేల్ 38 మంది నర్సులతో అక్టోబరు 21 న బయలుదేరి నవంబరు 4 న స్కుటారి చేరెను.

ఆ 38 మందిలో ముగ్గురు నలుగురు ఒక తీరువారు కారు. పది మంది కాథలిక్ సన్న్యాసినులు, 14 మంది ఆంగ్లికను సేవాసంఘముల సోదరీమణులు, 14 మంది కూలికి ఆసుపత్రులలో పనిచేసినవారు. ఒకరి పద్ధతి ఒకరికి తెలియదు. సైన్యవైద్యులు స్త్రీల రాకను ఇష్టపడలేదు. నైటింగేల్ తన వారిని వార్డులలోనికి తోసికొని పోనీయలేదు. వైద్యులు పిలుచువరకు వారిచే గుడ్డలు కుట్టించుచు, కట్లు సిద్ధము చేయించుచు కూర్చుండబెట్టెను. వైద్యుని యనుమతి లేక ఎవరును రోగిని ముట్టరాదని కట్టడి చేసెను. గాయపడినవారి నౌకలు వరుసగా వచ్చినంతనే వైద్యులే వారిని పిలిచిరి.

డిసెంబరులో మరి 46 మంది స్త్రీలు ముందుగా చెప్పకయే ఇంగ్లండునుండి వచ్చి దిగిరి. నైటింగేల్ మిక్కిలి కోపించెను. వారిని చేర్చుకొననని మొదట పట్టుబట్టెను. వారికి చోటు లేదు, పని పంచిపెట్టువారు లేరు, వారిలో పలువురకు పని రాదు. ఆమె కోపమునకు కారణము కలదు. అయినను క్రొత్తగా వచ్చినవారిని ఆ విధముగా ఎదుర్కొనుట వలన మనస్పర్థలు పెరిగినవి. కొందరు ఇతర ఆసుపత్రులకు వెడలిపోయిరి. క్రొత్తవారు వచ్చుటకు ముందే వారికి చోటును, పనిని, నేర్పు మనిషిని సిద్ధముచేయవలెనను పాఠము ఈ సంఘటనలో నున్నది.

ఆ మొదటి చలికాలములో ఆ ఆసుపత్రిలో వేలకొలది సైనికులు మరణించిరి. గాయములకంటె విషజ్వరములు, విరేచనములే ఎక్కువమందిని బలిగొన్నవి. 1855 మార్చిలో ప్రభుత్వము పంపిన పారిశుద్ధ్య సంఘమువారు మురుగుకాలువలను శుభ్రము చేయించి, గాలి వచ్చునట్లు చేసిన పిమ్మట మరణములు త్వరగా తగ్గినవి. నర్సుల సేవ ఒక్కటియే ఆ ప్రాణములను కాపాడెనని జనులు చెప్పుకొనిరి. నైటింగేల్ మాత్రము ఇంటికి తిరిగివచ్చిన తరువాత, గణాంకవేత్త విలియము ఫార్ సహాయముతో లెక్కలు పరిశీలించి, పారిశుద్ధ్యలోపమే ఎక్కువ మరణములకు మూలమని నిర్ధారించుకొనెను. తన కీర్తికి భంగము కలిగించు నిజమును తానే లెక్కగట్టి ప్రభుత్వము ముందుంచెను. 1858 లో గణాంకశాస్త్ర సంఘమువారు ఆమెను తమ సభ్యురాలిగా ఎన్నుకొనిరి. ఆ సంఘమున అదివరకు స్త్రీలు లేరు.

పాఠశాల స్థాపన

ఆమె యుద్ధభూమిలో నుండగనే, 1855 నవంబరులో, లండనున ఒక మహాసభ జరిగి ఆమె పేర నిధి ప్రారంభమయ్యెను. ధనికులేగాక సామాన్య సైనికులును ఒకనాటి జీతమును ఇచ్చిరి. మొత్తము 44,000 పౌండ్లకు పైగా పోగయ్యెను. ఆ ధనమును నర్సుల శిక్షణకు వినియోగింపవలెనని నిర్ణయము. 1856 లో తిరిగివచ్చిన నైటింగేల్ ఆరోగ్యము చెడియుండెను. 1857 నుండి ఆమె ఎక్కువకాలము గదినుండి వెలుపలికి రాలేకపోయెను. కావున పాఠశాలకు ఆమె ప్రధానోపాధ్యాయిని కాలేదు. మంచముమీదనుండియే లేఖల ద్వారా దానిని నడపవలసి వచ్చెను.

అందుకు సెయింట్ థామస్ ఆసుపత్రిని ఎంచుకొనిరి. అక్కడి మేట్రను శ్రీమతి వార్డ్‌రోపరు భర్తను కోల్పోయి, పిల్లలను పెంచుకొనుచు, 1854 నుండి ఆ ఆసుపత్రిని సమర్థతతో నడపుచున్న స్త్రీ. అదే ఆసుపత్రిలోని ఒక పెద్ద శస్త్రవైద్యుడు నర్సునకు పాఠశాలయేల, ఇంటి పనికత్తెకు వలె కొద్దిపాటి పని నేర్పిన చాలదా యని వాదించెను. ఆ వాదమును త్రోసిపుచ్చి 1860 వేసవిలో పాఠశాల తెరువబడెను. మొదట చేరినవారు 15 మంది.

ఆనాటి నిబంధనలు గమనింపదగినవి. వయస్సు 25 మొదలు 35 వరకు. నడవడిని గూర్చిన ధ్రువపత్రము అవసరము. శిక్షణ ఒక సంవత్సరము, ఆపైన కొన్ని సంవత్సరములు ఆసుపత్రి సేవ. విద్యార్థినికి భోజనము, దుస్తులు, ప్రత్యేకమైన పడకగది, ఏటికి 10 పౌండ్లు చేతిఖర్చు. గోధుమరంగు దుస్తులు, తెల్లని ఏప్రను, తెల్లని టోపీ. కూలికత్తె వలె కాక గృహస్థుల బిడ్డ వలె ఆమెను చూడవలెనని నైటింగేల్ ఉద్దేశము.

నేర్పువారు ఎవరు? ఇచ్చటనే పాఠశాల విశేషమున్నది. బోధన అంతయు తరగతి గదిలో జరుగలేదు. వార్డులో, రోగి పడక ప్రక్కన జరిగెను. ప్రతి వార్డునకు ఒక సిస్టరు పెద్ద. ఆ సిస్టరుకు ఆసుపత్రి ఇచ్చు జీతము గాక, విద్యార్థినులకు నేర్పినందుకు నైటింగేల్ నిధినుండి ఏటికి 10 పౌండ్లు అదనముగా ఇచ్చెడివారు. నేర్పుట ఉద్యోగములో భాగమనియు, దానికి కాలమును, విలువను ఇయ్యవలెననియు ఈ ఏర్పాటు సూచించుచున్నది.

గాయములకు కట్లు కట్టుట, జలగలు పట్టించుట, ఎనిమా ఇచ్చుట, కదలలేని రోగికి పడకపుండ్లు రాకుండ చూచుట, రోగి పడకలోనుండగనే దుప్పటి మార్చుట, జావ కాచుట, గదిలోనికి గాలి వచ్చునట్లు చేయుట, రోగి ముఖమును, ఊపిరిని, నిద్రను, ఆకలిని గమనించి వైద్యునకు తెలుపుట మొదలగునవి పాఠములు. ప్రతి నెలయు ఆ పనులలో విద్యార్థిని యెంత నేర్చెనో ముద్రించిన పత్రముమీద గుర్తింపవలెను. దానితోబాటు సమయపాలనము, శాంతస్వభావము, నమ్మకము, శుభ్రత, వార్డు నిర్వహణ అను గుణములను గూర్చియు వ్రాయవలెను. విద్యార్థిని తాను చేసిన పనిని దినచర్యగా వ్రాసికొని చూపవలెను.

లోపములు - సవరణలు

ఇంతవరకు చదివినవారు పాఠశాల మొదటినుండియు చక్కగా సాగినదని తలంపవచ్చును. అట్లు జరుగలేదు. 1862 లో ఆసుపత్రి పాతస్థలమును వదలి తాత్కాలిక భవనములలోనికి మారెను. అక్కడ తొమ్మిదేండ్లు ఇరుకున గడచినవి. నైటింగేల్ సైన్య సంస్కరణములలోను, భారతదేశ విషయములలోను మునిగియుండి పాఠశాలను దగ్గరగా చూడలేకపోయెను. చాలమంది విద్యార్థినులు నడుమనే మానుకొనిరి, లేక పంపివేయబడిరి.

1871 లో థేమ్స్ నది ఒడ్డున క్రొత్త ఆసుపత్రి తెరచిన పిమ్మట ఆమె లోతుగా విచారింపగా కఠినసత్యములు బయటపడినవి. ఉపన్యాసములీయవలసిన వైద్యుడు చాలకాలముగా సరిగా ఇచ్చుట లేదు. నేర్పవలసిన సిస్టర్లు పలువురు తామే శిక్షణ పొందినవారు కారు. అన్నిటికంటె ముఖ్యమైనది, విద్యార్థిని నేర్చుకొనుటకు వచ్చినదను సంగతి మరచి, ఆసుపత్రివారు ఆమెను తక్కువ ఖర్చునకు దొరికిన పనిమనిషిగా వాడుకొనుచుండిరి. వార్డులో పని మిక్కుటము. ప్రశ్న అడుగుటకు తీరిక లేదు, చెప్పుటకు మనిషి లేదు. పత్రములమీద గుర్తులు మాత్రము నిండినవి.

ఇది పాఠశాలకు ప్రాణసంకటమైన ఘట్టము. పేరు గొప్పదైనందున ఎవరును తప్పు పట్టలేదు. తప్పును కప్పిపుచ్చుటకు ఆమెకు అన్ని అవకాశములుండెను. కాని ఆమె అట్లు చేయలేదు. 1872 లో పాతవైద్యుని స్థానమున క్రాఫ్ట్ అను శస్త్రవైద్యుని నియమింపజేసెను. ఆయన క్రమముగా ఉపన్యసించుటయేగాక వాటిని అచ్చువేయించి విద్యార్థినులకు ఇచ్చెను. వార్డు పనితో సంబంధము లేక, విద్యార్థినుల చదువును, యోగక్షేమములను మాత్రమే చూచుటకు హోమ్ సిస్టరు అను క్రొత్త పదవిని కల్పించిరి. 1875 నుండి 1896 వరకు ఆ పదవిలో నున్న మేరీ క్రాస్‌లండ్ వార్డులో విన్నదానిని సాయంకాలము విద్యార్థినులకు తిరిగి విప్పిచెప్పి, వారి అనుమానములు తీర్చుచుండెను. పనిచేయించు పెద్ద వేరు, అండగా నిలుచు పెద్ద వేరు అను ఈ ఏర్పాటు మిక్కిలి తెలివైనది.

నైటింగేల్ కూడ అప్పటినుండి విద్యార్థినులను ఒక్కొక్కరినిగా తన యింటికి పిలిపించి మాటలాడసాగెను. వారి దినచర్యలను చదివి, సిస్టర్ల నివేదికలతో సరిపోల్చి, ప్రతివారిని గూర్చి తన పుస్తకములో వ్రాసికొనెడిది. అలసినవారికి తినుబండారములు పంపెడిది. క్రొత్త ఉద్యోగమునకు పోయిన నర్సునకు ఆమె గదిలో పూలు స్వాగతము చెప్పునట్లు ఏర్పాటు చేసెడిది. 1872 నుండి దాదాపు ప్రతి సంవత్సరము విద్యార్థినులకు ఒక దీర్ఘలేఖ వ్రాసి సభలో చదివించెను. నర్సు చదువు ధ్రువపత్రముతో ముగియదనియు, నేర్చుట మానిన దినమున వెనుకకు జారుదుమనియు, తనకంటె చిన్నవారు తన నడవడిని చూచి నేర్చుకొనుచున్నారని ప్రతి నర్సును గుర్తుంచుకొనవలెననియు ఆ లేఖల సారాంశము.

మరియొక సంఘటన చెప్పవలెను. 1861 లో ఆమె నిధి సహాయముతో కింగ్స్ కాలేజి ఆసుపత్రిలో మంత్రసానుల శిక్షణకు ప్రసూతివార్డు తెరువబడెను. అక్కడ బాలింతలు సూతికాజ్వరముతో మరణించుచుండగా 1867 లో దానిని మూసివేసిరి. నైటింగేల్ దానితో ఊరకుండక, ప్రసూతిమరణముల లెక్కలు సేకరించి 1871 లో గ్రంథముగా ప్రకటించెను. విద్యార్థినుల చదువు ఎంత ముఖ్యమైనను రోగి ప్రాణమునకు ముప్పు కలిగించి నేర్పరాదు. శిష్యురాలిని ఆదరించు పెద్ద నర్సు ఈ రెండు బాధ్యతలను రెండు కన్నులవలె చూచుకొనవలెను.

దూరదేశములకు పోయిన శిష్యురాండ్రు

ఆమె శిష్యురాండ్రలో ఆగ్నెస్ జోన్స్ పేరు ముందుగా చెప్పదగినది. ఐర్లండు స్త్రీయైన ఈమె 1865 లో 12 మంది శిక్షితులైన నర్సులతో లివర్‌పూలు నగరమందలి పేదల ఆశ్రమపు ఆసుపత్రికి పోయెను. అక్కడ వేయిమందికి పైగా నిరుపేద రోగులుండిరి. అదివరకు వారిని అదే ఆశ్రమమున నున్న పేదస్త్రీలే చూచుచుండిరి. ఆగ్నెస్ మూడు సంవత్సరములు రేయింబవళ్లు శ్రమించి, 1868 ఫిబ్రవరిలో విషజ్వరముతో 35 వ యేట కన్నుమూసెను. నైటింగేల్ దుఃఖించి ఆమె చరిత్రను వ్రాసి, ఆ స్థానమును నింపుటకు ఇతర స్త్రీలు ముందుకు రావలెనని కోరెను.

ఆ సంవత్సరమే లూసీ ఆస్‌బర్న్ అయిదుగురు నర్సులతో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరము చేరెను. ఆమెకు అనుభవము స్వల్పము, బాధ్యత కొండంత. వైద్యులతోను, పాలకవర్గముతోను వివాదములు కలిగినవి. దూరమునుండి వచ్చిన కబురులు విని నైటింగేల్ ఆమెయందు నమ్మకము కోల్పోయి దూరమయ్యెను. కాని 1873 లో విచారణ జరిపిన ప్రభుత్వ సంఘమువారు దోషము ఆసుపత్రి పాలకవర్గమునదేయని తేల్చి లూసీని సమర్థించిరి. ఆమె 1884 వరకు ఆ పదవిలో నిలిచి ఆ దేశమున శిక్షిత నర్సుల వృత్తికి పునాది వేసెను. మహనీయులకును పొరపాట్లు తప్పవు. క్రొత్తగా బాధ్యత వహించిన చిన్నదానికి అండ కావలసిన కాలమున అండ తొలగినది. ఈ సంగతి దాచిపెట్టిన చరిత్ర నిండదు.

అమెరికాలో మొదటి శిక్షిత నర్సుగా పేరుపొందిన లిండా రిచర్డ్స్ 1877 లో వచ్చి సెయింట్ థామస్‌లో పని చూచి, నైటింగేల్‌ను కలిసికొనెను. తరువాత ఆమె జపాను దేశమునకు పోయి అక్కడ నర్సుల పాఠశాలను ప్రారంభించెను. ఎడింబరోలో పనిచేసిన ఏంజెలిక్ ప్రింగిల్ 1887 లో శ్రీమతి వార్డ్‌రోపరు పిమ్మట సెయింట్ థామస్ మేట్రను అయ్యెను. శిష్యురాలు గురుస్థానమున కూర్చుండుట కంటె పాఠశాలకు వేరు ఫలమేమి?

మన పూర్వుల దేశముతో సంబంధము

నైటింగేల్ భారతదేశమును ఎన్నడును చూడలేదు. అయినను 1859 లో ఏర్పడిన రాజసంఘము కొరకు భారతదేశమందలి సైనికశిబిరముల ఆరోగ్యస్థితులను పరిశీలించి, అటుపిమ్మట దశాబ్దములపాటు అక్కడి గ్రామముల నీటిని, పారిశుద్ధ్యమును, కరవులను గూర్చి వ్రాయుచునే యుండెను. ధవళేశ్వరమున గోదావరికి ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్‌తో ఆమెకు ఉత్తరప్రత్యుత్తరములు నడచినవి. కాలువలచే కరవును తప్పింపవచ్చునను కాటన్ వాదమును ఆమె సమర్థించెను. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించిన మహాక్షామమునాడు రైతుల కష్టములను ఆంగ్లప్రజలకు తెలుపుటకు కలము పట్టెను.

మరియొక సంగతి కాలము కలిపినది. లండనులో ఆ పాఠశాల తెరచిన 1860 వ సంవత్సరముననే, నవంబరు 16 వ తేదీన, మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో నౌక ఒప్పందపు కూలీలతో డర్బను రేవు చేరెను. అది మొదలు 1911 వరకు నేటాలునకు వచ్చిన లక్షా ఏబదిరెండువేలమందిలో గోదావరి, విశాఖపట్టణము, గంజాము, ఉత్తర ఆర్కాటు మండలముల తెలుగువారెందరో కలరు. చెరకుతోటలలో జ్వరము వచ్చిననాడు శిక్షణ పొందిన నర్సు చేయి వారికి అందుట అరుదు. పొరుగు వసతిలోని అవ్వయే మంత్రసాని, ఆమెయే వైద్యురాలు. ఆ అవ్వల మునిమనుమరాండ్రు నర్సులగుట చిన్న సంగతి కాదు.

రిజిస్టరును గూర్చిన వివాదము

1887 తరువాత ఇంగ్లండులో నర్సుల పేర్లను పరీక్షపై ప్రభుత్వపు రిజిస్టరులో నమోదు చేయవలెనను ఉద్యమము బయలుదేరెను. నైటింగేల్ దానిని తీవ్రముగా వ్యతిరేకించెను. ఒకనాటి పరీక్షలో జ్ఞాపకశక్తి తెలియును గాని, అర్ధరాత్రి రోగి పిలిచినపుడు నర్సు ఎట్లు లేచునో తెలియదని ఆమె అభిప్రాయము. ఆ గుణము ప్రక్కన నిలిచి నెలలకొలది చూచిన పెద్దనర్సుకే తెలియునని ఆమె వాదము.

ఈ విషయమున లోకము ఆమె మాట వినలేదు. వినకపోవుట మంచిదే అయ్యెను. రిజిస్టరు లేనిదే సామాన్యప్రజ శిక్షణ పొందినవారిని, పొందనివారిని ఎట్లు గుర్తించును? ఈ కార్యమున మన దక్షిణాఫ్రికాయే లోకమునకు దారి చూపెను. కింబర్లీలో నర్సులకు శిక్షణ ఇచ్చిన సిస్టర్ హెన్రియెట్టా స్టాక్‌డేల్ కృషి ఫలితముగా 1891 లో కేప్ కాలనీ శాసనసభ నర్సుల నమోదును చట్టముచేసెను. ప్రపంచమున ప్రభుత్వచట్టము ద్వారా నర్సులను నమోదుచేసిన మొదటి ప్రదేశమదియే. ఇంగ్లండులో అట్టి చట్టము 1919 లో గాని రాలేదు. 1908 లో సెసీలియా మకీవానే రిజిస్టరులో చేరి, ఈ దేశపు నల్లజాతి స్త్రీలలో మొదటి రిజిస్టర్డు నర్సు అయ్యెను. తరువాత 1957 నాటి నర్సింగు చట్టము ఒకే ప్రతిజ్ఞ చేసిన నర్సులను జాతులవారీగా వేరుచేసెను. ఆ కాలము గడచిపోయినది. పడకమీది రోగికి నర్సు చేతి నేర్పు కావలెను గాని, ఆ చేతి రంగుతో పనిలేదు.

అయినను నైటింగేల్ వాదములోని సారము నిలిచినది. 2018 లో బ్రిటను నర్సింగు మండలివారు ప్రకటించిన నియమములలో, విద్యార్థిని ప్రక్కననుండి నేర్పువారు వేరుగాను, ఆమె యోగ్యతను నిర్ణయించువారు వేరుగాను ఉండవలెనని యున్నది. వార్డు సిస్టరు, హోమ్ సిస్టరు, నెలనెలా పత్రములు మనకు వెంటనే జ్ఞప్తికి వచ్చును.

చివరి దినములు

1901 నాటికి ఆమె చూపు పోయెను. 1907 లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ అను బిరుదమును పొందిన మొదటి స్త్రీ ఈమెయే. 1910 ఆగస్టు 13 న, 90 వ యేట, లండనున నిద్రలో ప్రాణము విడచెను. మహారాజుల సమాధుల నడుమ వెస్ట్‌మినిస్టరులో ఆమెకు చోటీయవచ్చిరి. కుటుంబమువారు ఆమె కోరిక ననుసరించి ఆడంబరము లేక ఈస్ట్ వెలో గ్రామమున తలిదండ్రుల చెంత ఖననము చేసిరి. ఆమె పాఠశాల నేడు లండను కింగ్స్ కాలేజిలో ఆమె పేరుతోనే నిలిచియున్నది. ఆమె జన్మదినమైన మే 12 ను అంతర్జాతీయ నర్సుల దినముగా లోకము జరుపుకొనుచున్నది.

ప్రియ పాఠకులారా, ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినది ఏమి? వార్డులో మొదటి దినము నిలుచు విద్యార్థినిని తలచుకొనుడు. పుస్తకములో చదివినది చేతికి రాదు. సూది పట్టిన చేయి వణకును. తప్పుచేసిన రోగికి హాని. తప్పును దాచిన ఇంకను హాని. ఆ గడియలో ప్రక్కనున్న పెద్దనర్సు విసుగుకొన్నచో ఆ పిల్ల అడుగుట మానును. అడుగుట మానినది ఊహించి పనిచేయును. పెద్దనర్సు ఒక నిమిషమాగి, చేసి చూపి, ఆమెచే చేయించి, తప్పును మృదువుగా దిద్ది, నిజమును పత్రముపై వ్రాసినచో, ఆ పిల్ల పదేండ్లకు మరియొక పిల్లకు అదే విధముగా నేర్పును. ఇట్లు ఒక్క నిమిషపు ఓర్పు ఎన్ని పడకలవరకు ప్రాకునో ఎవరు లెక్కింపగలరు? అంకెలను ప్రేమించిన నైటింగేల్ కూడ లెక్కింపజాలదు.

మన ఇండ్లలో నర్సులైన అక్కలకు, పిన్నమ్మలకు, అత్తలకు ఒక మనవి. అలసటతో ఇల్లు చేరు మీకు క్రొత్తవారికి నేర్పుట మరియొక బరువని తెలియును. అయినను మీకును ఎవరో ఒకరు మొదటిసారి కట్టు కట్టుట చూపిరి. ఆమె పేరు మీకు ఈనాటికిని జ్ఞాపకముండును. ఆమె మీ చేతికిచ్చిన దీపమును మీ చెంతకు వచ్చిన చిన్నదాని చేతికి అందింపుడు.